కథోలిక స్కూల్లో సీటు వచ్చింది, మరి వీసా?

ఫాదర్‌గారికి, సిస్టర్లకి, పూజ అయ్యాక ఇళ్లకు వెళ్లిపోకుండా ఆగిన మీ అందరికీ నమస్కారం. బయట బిర్యానీ పొట్లాలు సిద్ధంగా ఉన్నాయని నాకూ తెలుసు. నేరుగా విషయానికి వస్తాను.

మన చెన్నై తెలుగువాళ్లు ఇదివరకు పిల్లల్ని బీటెక్ అయ్యాక ఎం.ఎస్.కి విదేశాలకు పంపేవాళ్లు. ఇప్పుడు తొమ్మిదో తరగతికే పంపుదామా అని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. అక్కడ తమ్ముడున్నాడు, వాళ్లింటికి దగ్గర్లో కథోలిక స్కూలుంది, సిస్టర్లు కనిపెట్టుకుని ఉంటారు అని ధైర్యం. పంపాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, అందులో నేను తలదూర్చను. వీసా గురించి మాత్రం ముందే చెప్పేస్తున్నాను. కథోలికులమన్న మాట స్కూల్లో సీటుకు పనికిరావచ్చు, కాన్సులేట్ కౌంటర్ దగ్గర పనికిరాదు. మన విచారణ, అంటే మన గుడి పరిధి, ఫాదర్ ఇచ్చే ఉత్తరం, జ్ఞానస్నాన పత్రం (బాప్తిస్మం సర్టిఫికెట్) స్కూలువాళ్లు అడగొచ్చు. తమ విచారణ పిల్లలకు ఫీజు తగ్గించే స్కూళ్లూ ఉన్నాయి. వీసా ఆఫీసర్‌కి వాటితో పని లేదు. ఆ స్కూళ్లలో హిందూ పిల్లలూ ముస్లిం పిల్లలూ చదువుతారు, వాళ్లనీ మనల్నీ అడిగేవి అవే ప్రశ్నలు.

అయినా కథోలిక స్కూలే ఎందుకంటే, అమెరికా విషయంలో భక్తితో సంబంధం లేని కారణం ఒకటుంది. 1996లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ప్రభుత్వ స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదవడానికి వీల్లేదు. హైస్కూల్లో చదవొచ్చు గానీ మొత్తం మీద 12 నెలలే. ఆ పన్నెండు నెలలకీ ఒక విద్యార్థి మీద స్కూలుకయ్యే పూర్తి ఖర్చు మనమే కట్టుకోవాలి. ప్రైవేటు స్కూళ్లకు ఈ హద్దు లేదు. అమెరికాలో కథోలిక స్కూళ్లు ప్రైవేటువే. కాబట్టి ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా వీసాకు దారి అటువైపే తెరుచుకుని ఉంది. "మా తమ్ముడు అక్కడ ట్యాక్స్ కడుతున్నాడు, వాళ్ల పిల్లలతోపాటు మావాణ్ణీ గవర్నమెంటు స్కూల్లో వేస్తాడు" అని లెక్కలు వేసుకున్నవాళ్లు దయచేసి ఆ లెక్క మార్చుకోండి. ముందు టూరిస్టు వీసా మీద తీసుకెళ్లి, అక్కడికెళ్లాక బడిలో వేద్దామనే ఆలోచన అసలే వద్దు. ఆ వీసా మీద చదువు కుదరదు.

కెనడాలో ఇది తలకిందులు. ఒంటారియోలో కథోలిక స్కూళ్లు ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయి. విదేశీ పిల్లల్ని మాత్రం ఫీజు తీసుకుని చేర్చుకుంటాయి. మైనర్ ఒంటరిగా వెళ్తే అక్కడ కస్టోడియన్, అంటే పిల్లవాడి బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు, ఉండాలి, నోటరీ పత్రాలు కావాలి. బ్రిటన్‌లో 4 నుంచి 17 ఏళ్ల పిల్లలకు చైల్డ్ స్టూడెంట్ వీసా ఇస్తారు, అది ఫీజులతో నడిచే ఇండిపెండెంట్ స్కూళ్లకే. జెస్యూట్లు అనే కథోలిక గురువుల సభ సంప్రదాయంలో నడిచే స్టోనీహర్స్ట్ స్కూలు అలాంటిదే. ఆరు నెలలు దాటి ఉండాలంటే టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా పెట్టాలి. ఇందాక చేతులెత్తమంటే ఎక్కువమంది అమెరికా అన్నారు కాబట్టి అక్కడికే తిరిగి వస్తాను.

సీటు వచ్చిందన్న ఉత్తరం చూసి స్వీట్లు పంచకండి. వీసాకు కావలసింది ఐ-20 అనే కాగితం. అది ఇచ్చే అధికారం, విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే అమెరికా ప్రభుత్వ విభాగం ఎస్.ఇ.వి.పి. గుర్తింపు ఉన్న స్కూలుకే ఉంటుంది. ఎంత పేరున్న స్కూలైనా, ఆ గుర్తింపు లేకపోతే ఐ-20 ఇవ్వలేదు. "స్టడీ ఇన్ ద స్టేట్స్" అనే ప్రభుత్వ వెబ్‌సైటులో స్కూలు పేరు కొట్టి చూసుకోవచ్చు. పేరు ఒక్కటే చూసి మోసపోకండి. మన నుంగంబాక్కం లయోలా, విజయవాడ ఆంధ్ర లయోలా, అమెరికాలోని చికాగో లయోలా అన్నీ జెస్యూట్ సభవాళ్లు పెట్టినవే, కానీ దేని యాజమాన్యం దానిదే. ఒకదాంట్లో చదివామని ఇంకోదాంట్లో వీసా కాగితం ఎవరూ రాసివ్వరు.

ఇక్కడ ఒక చేదు సంగతి గుర్తుచేయాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా ప్రభుత్వ అధికారులు దాడి చేశారు. మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫోటోలు అప్పుడు పేపర్లలో చూసే ఉంటారు. ఆ సంస్థ తనను తాను క్రైస్తవ విద్యాసంస్థగా చెప్పుకుంది. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, విదేశీ విద్యార్థులకు ఐ-20 ఇచ్చే అనుమతి కూడా దానికి ఉంది! వందలమంది విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారు. దాన్ని నడిపినావిడకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. పిల్లల చదువులు మాత్రం మధ్యలో ఆగిపోయాయి. అందుకే లిస్టులో పేరుంటే సరిపోతుందని నేను అనను. ఆ ఊళ్లోని మేత్రాసనం (బిషప్‌గారి పాలనా ప్రాంతం) వెబ్‌సైటులో ఆ స్కూలు ఉందా, క్లాసులు ఎక్కడ జరుగుతాయి, పిల్లవాడు ఎవరింట్లో ఉంటాడు అని అడగండి. మీ తమ్ముణ్ణి ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రమ్మనండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడితే నష్టం మనకే.

ఇప్పుడు మన చెన్నై తెలుగువాళ్లకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు, పేర్లు. తండ్రి పాస్‌పోర్టులో సర్‌నేమ్ అంటే ఇంటిపేరు. కొడుకు ఇక్కడి బడిలో చేరినప్పుడు తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరే ఇనీషియల్ అయింది, పాస్‌పోర్టులో అదే సర్‌నేమ్ అయింది. తండ్రీకొడుకుల సర్‌నేమ్‌లు కలవవు. టెన్షన్ పడక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకుంటే చాలు. అసలు జాగ్రత్తపడాల్సింది జ్ఞానస్నానం పేరు దగ్గర. గుడి రిజిస్టర్‌లో జోసఫ్ అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఆ పేరే ఉండదు. స్కూలు అప్లికేషన్‌కి జ్ఞానస్నాన పత్రం జతచేస్తాం కదా, అక్కడి ఆఫీసులో ఎవరో ఆ పేరు కూడా కలిపి ఐ-20 తయారుచేస్తారు. ఐ-20 చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే స్కూలుకు రాసి అప్పుడే సరిచేయించండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పిల్లలకు వీసాలో ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్ అయిపోయి, ముందు ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. వీలైతే పాస్‌పోర్టు ముందే సరిచేయించుకోవడం మేలు.

తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 అనే వీసా అప్లికేషన్ ఫారం, వీసా ఫీజు 185 డాలర్లు. కట్టేరోజు మళ్లీ ఒకసారి రేటు చూసుకోండి. అపాయింట్‌మెంట్లు రెండు. వేలిముద్రలకు ఒకరోజు, జెమినీ ఫ్లైఓవర్ దగ్గర కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ఇంకోరోజు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఇంటర్వ్యూ ఉండదని పాతవాళ్లు చెబుతారు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలన్న నియమం కూడా అదే ఏడాది వచ్చింది. మీ అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఏముందో మీరు చూశారా? ఒకసారి చూడండి.

ఇంటర్వ్యూలో పిల్లవాడి తరఫున మీరు జవాబివ్వకండి. ఆ స్కూలే ఎందుకు, అక్కడ ఏం చదువుతావు, ఫీజు ఎవరు కడతారు అనడిగితే తన మాటల్లో తనే చెప్పాలి. కన్సల్టెన్సీవాళ్లు బట్టీ కొట్టించిన జవాబులు వద్దు. అక్కడి చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం వచ్చినవాడు అక్కడే ఉండిపోయేవాడేనని ఆఫీసర్ ముందు అనుకోవాలి, కాదని నమ్మించాల్సింది మనం. పదిహేనేళ్ల పిల్లవాడికి ఉద్యోగం, ఆస్తి ఉండవని ఆఫీసర్‌కీ తెలుసు. అందుకే అమ్మానాన్నలు ఇక్కడేం చేస్తున్నారన్నది చూస్తారు. అక్కడ బంధువులున్నారన్న సంగతి దాచకండి. తమ్ముడు ఉండటం తప్పు కాదు, లేడని రాయడం తప్పు. అబద్ధం రుజువైతే జీవితాంతం వీసా రాకుండా పోయే ప్రమాదం ఉంది. నిజం చెప్పి రిజెక్ట్ అయితే మళ్లీ అప్లై చేసుకోవచ్చు.

డబ్బు విషయం. కనీసం ఐ-20లో రాసిన మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉందని చూపించాలి, తర్వాతి ఏళ్లకు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పగలగాలి. ఇంటర్వ్యూకి వారం ముందు చుట్టాల దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన డబ్బు, స్టేట్‌మెంటులో ఆ తేదీతో సహా కనిపిస్తూనే ఉంటుంది.

వీసా వచ్చాక కూడా ఐ-20లో ఉన్న కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో దిగనివ్వరు. టికెట్ చవకగా వచ్చిందని ముందే బుక్ చేసుకోకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. ఇంటర్వ్యూ తేదీ ఇప్పటికే వచ్చినవాళ్లు ముందుకు రండి, మీకే తొందర ఎక్కువ.