కనురెప్పల మీద ఊదారంగు, లోపలెక్కడో కణితి

(స్క్రీన్ మీద: దువ్వెన పట్టుకున్న చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోతుంది.)

జడ వేసుకుందామని చెయ్యెత్తితే సగంలోనే భుజం వాలిపోతోంది. పీట మీద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేకపోతోంది. యాభై దాటినావిడ ఇలా చెబితే ఇంట్లో వాళ్లు ఏమంటారు? "వయసొచ్చింది కదమ్మా, కాల్షియం తగ్గుంటుంది" అంటారు.

ఒక్కసారి ఆవిడ కనురెప్పలు చూడండి.

(స్క్రీన్ మీద: కనురెప్పలు, ఆ తర్వాత వేళ్ల కణుపులు, బాగా దగ్గరగా.)

పై రెప్పలు కాస్త ఉబ్బి, ఊదారంగు తిరిగి ఉంటాయి. తెల్లటి చర్మం మీద ఈ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన చామనఛాయ మీద ముదురు గోధుమగానో నల్లగానో ఉండటంతో మంగు అనుకుని క్రీములు రాస్తూ నెలలు గడిపేస్తారు. కానీ మంగు వేళ్ల కణుపుల మీదికి రాదండి. ఈ జబ్బులో సరిగ్గా కణుపుల మీదే ఎర్రగానో నల్లగానో పొక్కులు లేస్తాయి. అందుకే వేళ్లు కూడా చూడమంటున్నాను.

దీని పేరు డెర్మటోమయోసైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కండరాల మీద, చర్మం మీద దాడి చేస్తుంది. కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే సీకే అనే ఎంజైమ్, రక్తపరీక్షలో చాలామందిలో బాగా పెరిగి ఉంటుంది.

క్యాన్సర్‌తో దీనికి లింకు ఉందన్న సంగతి 1916 నుంచీ వైద్యుల దృష్టిలో ఉంది. 2001లో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ రికార్డులు కలిపి చూస్తే, ఈ జబ్బున్న 618 మందిలో 198 మందికి క్యాన్సర్ కనిపించింది. వాళ్లలో 115 మందికి అది ఈ జబ్బు తేలిన తర్వాతే బయటపడింది. అండాశయం, ఊపిరితిత్తులు, క్లోమం, జీర్ణాశయం, పెద్దపేగుల్లో ఎక్కువ. చర్మం జోలికి పోకుండా కండరాలనే పట్టే పాలీమయోసైటిస్‌లో ఈ ముప్పు తక్కువ. పిల్లలకు వచ్చే రకంలో సాధారణంగా క్యాన్సర్ ఉండదు, ఆ తల్లిదండ్రులు టెన్షన్ పడక్కర్లేదు.

ఎందుకిలా? కణితిలో మారిపోయిన ఒక ప్రోటీన్ మీద శరీరం యుద్ధం మొదలుపెడుతుంది. మరమ్మతు అవుతున్న కండరంలోనూ అదే ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి దెబ్బ అక్కడా పడుతుంది. పరిశోధకులు ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. టీఐఎఫ్1 గామా అనే ప్రోటీన్ మీద దాడి చేసే యాంటీబాడీ రక్తంలో ఉంటే, పెద్దవాళ్లలో క్యాన్సర్ అనుమానం బాగా బలపడుతుంది.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. స్టెరాయిడ్లతో కాస్త ఓపిక రాగానే "తగ్గిపోయింది" అనుకుని వెతకడం ఆపేస్తారు. ముప్పు మొదటి ఏడాదిలోనే ఎక్కువ, మూడేళ్ల దాకా ఉంటుంది. ఛాతీ, పొట్ట స్కాన్, ఆడవాళ్లయితే రొమ్ము, అండాశయ పరీక్షలు అవసరమా అని డాక్టర్‌ని మీరే అడగండి. మొదటిసారి ఏమీ కనపడకపోయినా, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో రాయించుకుని రండి.

క్యాన్సర్‌కి వైద్యం జరిగాక కొందరిలో కండరాల బలం కూడా తిరిగొస్తుంది. అలా కోలుకున్నావిడ మళ్లీ దువ్వెన ఎత్తలేకపోతుంటే, రెప్పల మీద ఆ రంగు మళ్లీ కనిపిస్తే, ఆ వారంలోనే క్యాన్సర్ డాక్టర్‌కి చూపించండి.