ఎనిమిది పేరిస్తే పది డజన్లు

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు కాస్త ముందుకు జరగండి, బల్ల మీదున్నవి దగ్గరగా చూడాలి. ఇవి బత్తాయిలు. పొద్దున బీసెంట్ రోడ్డులో ఒక తోపుడు బండి దగ్గర కొన్నాను. ఆ బండాయన పళ్ళను మూడు మూలల గుట్టగా పేరుస్తాడు. అడుగున ఒక్కో పక్కకీ ఎనిమిది. మూడు పళ్ళు ఆనుకున్న చోట గుంట పడుతుంది కదా, పైపండు అందులో కూర్చుంటుంది, జారదు. ఆ పైన పక్కకి ఏడు, తర్వాత ఆరు, అలా పోయిపోయి కొసన ఒకటి.

“ఎన్నుంటాయి బాబాయ్?” అన్నాను.

“పది డజన్లండి,” అన్నాడు, గుట్ట వంక చూడకుండానే. “ఎనిమిది పేరిస్తే పది డజన్లే.”

లెక్కల మాస్టార్ని, ఊరికే నమ్ముతానా? పైనుంచి మొదలెట్టాను. ఈలోగా ఆయన నాలుగు పళ్ళు తీసి ఎవరికో అమ్మేశాడు, నా లెక్క మొదటికొచ్చింది. చివరికి కాగితం మీద వేశాను: 1, 3, 6, 10, 15, 21, 28, 36. మొత్తం 120. బాబాయ్ మాట నిజమే.

ఇన్ని కూడికలు అక్కర్లేదు. అడుగు అంతస్తులో ఎన్నున్నాయో చూసి, అంతస్తులకి రెండు కలిపి హెచ్చవేసి, మూడో వంతు తీయండి. ఈ బల్ల మీద నాలుగు అంతస్తులు, అడుగున 10. నాలుగుకి రెండు కలిపితే ఆరు. అరవైలో మూడో వంతు 20. నమ్మకం లేకపోతే వచ్చి లెక్కపెట్టుకోండి.

ఆ రెండు ఎక్కణ్ణుంచి వచ్చింది? బోర్డు చూడండి. పై వరసలో 1, దాని కింద 1 2, తర్వాత 1 2 3, చివర 1 2 3 4. ఒక్కో వరస మొత్తం ఒక్కో అంతస్తులోని పళ్ళు. ఇదే త్రికోణాన్ని మూడు కాగితాల మీద రాసి, ఒక్కోదాన్ని ఒక్కో మూల పైకొచ్చేలా తిప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఏ చోట కూడినా ఆరే! పది చోట్లకి అరవై, అది మూడు గుట్టల లెక్క.

ఆర్యభటుడు 499లోనే ఇది చెప్పాడు. ఆయన ఆర్యభటీయంలో లెక్కల భాగమైన గణితపాదం 21వ శ్లోకంలో దీని పేరు చితిఘనం. ఎనిమిది అంతస్తులైతే 8, 9, 10 హెచ్చవేసి ఆరుతో భాగించమంటాడు, అదే 120. తమాషా ఏమిటంటే, అదే గణితపాదం 6వ శ్లోకంలో ఇలాంటి ఆకారపు ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేస్తే వస్తుందన్నాడు. అది తప్పు, రావలసింది మూడో వంతు. త్రికోణ వైశాల్యంలో సగం ఉంది కదా అని ఇక్కడా సగమే అనుకున్నాడని నా అనుమానం. వెయ్యి అంతస్తుల గుట్ట ఊహించుకోండి, అక్కడ ఆ రెండు లెక్కలోకే రాదు, మిగిలేది మూడో వంతే. అంటే సరైన జవాబు తన 21వ శ్లోకంలోనే ఉంది! 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతని సరిగ్గానే చెప్పాడు.

సరే, పళ్ళు మీవే. పైనుంచి తీసుకోండి నాన్నా, అడుగుది లాగితే అన్నీ బల్ల కింద వెతుక్కోవాలి.