అమ్మ కమ్మల రసీదు

(జూన్ 15న సూర్యాపేటలో గాల్వాన్ అమరుల సంస్మరణ సభలో ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న మాజీ సైనిక సోదరులకు, ఇంత ఉక్కపోతలోనూ కదలకుండా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు నమస్కారం. గోడవారగా నిలబడ్డ పిల్లలూ, ముందుకు రండి. ఇక్కడ జంపఖానా మీద చోటుంది. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

"యుద్ధాలు, దాడులు మన విదేశాంగ విధానాన్ని, రక్షణ విధానాన్ని ఎలా మలిచాయి" అనేది నాకిచ్చిన అంశం. 1947 నుంచి వరుసగా చెప్పాలని ఆరు కాగితాలు రాసుకొచ్చాను. వస్తూ దారిలో, గాల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు గారి విగ్రహం దగ్గర కాసేపు ఆగాను. అక్కడ నిలబడ్డాక ఆ వరుసలో చెప్పాలనిపించలేదు. చైనా సైనికులతో ఘర్షణ జరిగిన లద్దాఖ్‌లోని గాల్వాన్ లోయ నుంచే మొదలుపెడతాను.

2020 జూన్ 17 రాత్రి ఆయన భౌతికకాయం కోసం మీలో చాలామంది రోడ్డు మీదే ఉన్నారు. కరోనా రోజులు. మూతికి గుడ్డలు కట్టుకుని, చేతుల్లో పూలు పట్టుకుని నిలబడ్డాం. మర్నాడు కాసరబాద్‌లో అంత్యక్రియలు జరిగాయి. తిరిగొస్తుంటే మా వీధి కిరాణా కొట్టు ఆయన నన్ను ఆపి, "సారూ, మన వాళ్ల దగ్గర తుపాకులు లేవా? ఎందుకు పేల్చలేదు?" అని అడిగాడు. దేశమంతా అడిగిన ప్రశ్నే అది.

జవాబు ఒక కాగితంలో ఉంది. 1996 నవంబర్ 29న భారత్, చైనా ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు, పేలుళ్లు జరపకూడదు. ఆ ఒప్పందం చెడ్డదని నేననను. 1975 తరువాత నలభై ఐదేళ్లపాటు ఆ సరిహద్దులో ప్రాణనష్టం జరగలేదు. కానీ ఢిల్లీలో కుదిరిన ఆ మాటకు కట్టుబడే 16వ బిహార్ బెటాలియన్ జవాన్లు 2020 జూన్ 15 రాత్రి గడ్డకట్టే చలిలో, మేకులు కొట్టిన కర్రలకు, రాళ్లకు ఎదురు నిలిచారు. ఇరవై మంది నేలకొరిగారు. వాళ్లను ముందుండి నడిపిన కమాండింగ్ ఆఫీసర్ మన ఊరి బిడ్డ.

ఆ తరువాత ఏం జరిగింది? తప్పనిసరి పరిస్థితుల్లో తుపాకి వాడే స్వేచ్ఛ క్షేత్రస్థాయి కమాండర్లకు దక్కింది. రెండు వారాలకే 59 చైనా యాప్‌లను నిషేధించారు. మీ ఫోన్లలో టిక్‌టాక్ మాయమైంది అప్పుడే. ఎక్కడో లద్దాఖ్ లోయలో పడిన దెబ్బ సూర్యాపేట పిల్లల ఫోన్లను కూడా మార్చింది. విదేశాంగ విధానం మనకు అందనంత పైన ఉండే వ్యవహారమని అనుకోకండి. అది మన ఇళ్లలోకి వస్తుంది. మా ఇంట్లోకి 1962లోనే వచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మా అమ్మకు పెళ్లినాటి కమ్మలు ఒక జత ఉండేవి. రజాకార్ల కాలంలో వాటిని మూటగట్టి జొన్నల పాతరలో దాచి కాపాడుకుంది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాకే మళ్లీ చెవులకు పెట్టుకుంది. సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఆ సైనిక చర్యను ప్రభుత్వం "పోలీసు చర్య" అనే ఎందుకు పిలిచింది? నిజాం ప్రభుత్వం అప్పటికే భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ఇది ఇంటి వ్యవహారమని ప్రపంచానికి చెప్పాలంటే దానికి యుద్ధమని పేరు పెట్టకూడదు. పేరు పెట్టడం కూడా విదేశాంగ విధానమేనని మన నల్లగొండ నేల మీద నుంచే నేర్చుకోవచ్చు.

కమ్మల సంగతికి వస్తాను. రజాకార్లకు దొరకని ఆ కమ్మలను మా అమ్మ చైనా యుద్ధానికి తనంతట తానే ఇచ్చింది. తాలూకా కచేరీ ముందు బల్ల వేసి రక్షణ నిధికి విరాళాలు తీసుకుంటున్నారు. నన్ను చంకనెత్తుకుని వెళ్లిన మా నాన్నకు కూడా చెప్పలేదు. బల్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క మర విప్పి గుమాస్తా ముందు పెట్టింది. ఆయన తూచి, రసీదు రాసి ఇచ్చాడు. ఇంటికొచ్చి వేపపుల్లలు విరిచి చెవుల్లో పెట్టుకుంది, రంధ్రాలు పూడిపోకుండా. మళ్లీ కమ్మలు కొనే రోజు మా ఇంటికి రాలేదు. పుల్లలు ఎండిపోయినప్పుడల్లా కొత్తవి మార్చుకునేది. చివరిదాకా అవే.

యుద్ధం అక్టోబర్ 20న మొదలై నవంబర్ 21న ముగిసింది. ఓడిపోయాం. అమ్మకు చదువు రాదు. రేడియో విన్న నాన్నను అడిగింది, నేను టీచరయ్యాక నన్ను అడిగింది: "ఇంతమంది ఇన్ని ఇచ్చారు కదరా, ఎందుకు ఓడాం?"

నేను తెలిసింది చెప్పేవాణ్ణి. 1955లో మన నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిన నెహ్రూ, డబ్బు ఆనకట్టలకు వెళ్లాలి, ఫిరంగులకు కాదని నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టలేను. సాగర్ నీళ్లు తాగిన వాణ్ణి. కానీ నవంబర్ 19న అదే నెహ్రూ యుద్ధ విమానాలు పంపమని అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఒక్కరోజే రెండు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది. రక్షణ ఖర్చు రెట్టింపు దాటింది. 1965 యుద్ధంలో అమెరికా ఆయుధాలు ఆపేస్తే మనం సోవియట్ వైపు మరింత జరిగాం. హైదరాబాద్ బాలానగర్‌లో మిగ్ విమానాల పరికరాల కర్మాగారం వచ్చింది. నా శిష్యులిద్దరు అక్కడ పనిచేసి రిటైరయ్యారు. 1965 డిసెంబర్‌లోనే సరిహద్దు కాపలా దళం బీఎస్ఎఫ్ పుట్టింది, 1968లో విదేశీ నిఘా సంస్థ రా ఏర్పడింది. 1971 ఆగస్టులో సోవియట్‌తో సంధి చేసుకున్నాం కనుకనే, డిసెంబర్‌లో అమెరికా ఏడవ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినా మనం బెదరలేదు. 2008లో ముంబై దాడి జరిగిన నెల రోజులకే, ఉగ్రవాద కేసులు దర్యాప్తు చేసే ఎన్ఐఏ చట్టం వచ్చింది. పహల్గాంలో 26 మందిని చంపిన మర్నాడే పాకిస్థాన్‌తో ఉన్న సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేశారు. 1965, 1971, కార్గిల్ యుద్ధాల్లోనూ చెక్కుచెదరని ఒప్పందం అది.

మిగతా నాలుగు కాగితాలు పక్కన పెడుతున్నాను. అసలు విషయం చెప్పకుండా సమయం అయిపోకూడదు.

కార్గిల్ యుద్ధం తరువాత, లోపాలు తేల్చడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు. కొన్ని భాగాలు తీసేసినా, 2000 ఫిబ్రవరిలో ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టారు. జనం చదివారు, తిట్టారు, వాదించుకున్నారు. నిఘా వ్యవస్థ మారింది. త్రివిధ దళాధిపతి పదవికి ఇరవై ఏళ్లు పట్టినా చివరికి వచ్చింది. మరి 1962 మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు 1963లో ఇచ్చిన నివేదిక? ఇప్పటికీ రహస్యమే. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగం ఇంటర్నెట్‌లో పెట్టాడు. మన ఓటమి కథ మనకు పరాయివాడు చదివి వినిపించాలా? ఢిల్లీలో ప్రభుత్వాలు మారాయి, ఆ బీరువా తాళం మాత్రం తీయలేదు.

పిల్లలూ, ఇది వినండి. 1962 జూలైలో చైనా సైన్యం మొదట చుట్టుముట్టిన మన పోస్టు ఎక్కడుందో తెలుసా? గాల్వాన్ లోయలో. నెలల తరబడి గాలి మార్గాన తిండి పంపి నిలబెట్టారు. అక్టోబర్ 20న పడిపోయింది. మా అమ్మ కమ్మలు ఏ లోయలో మొదలైన యుద్ధానికి వెళ్లాయో, యాభై ఎనిమిదేళ్లకు మన సంతోష్ బాబు అదే లోయలో ప్రాణమిచ్చాడు. అక్కడ మొదటిసారి ఏం తప్పు జరిగిందో రాసిన కాగితాన్ని ఈ దేశ పౌరులు నేటికీ పూర్తిగా చదవలేదు. నాకు కోపం దేని మీదంటే దీని మీద. సైనికుల స్థావరాల గుట్టు, ఆయుధాల లెక్క నాకక్కర్లేదు. వాటిని కొట్టేసి మిగిలింది ఇవ్వండి. కార్గిల్ నివేదికకు చేసిన పనే దీనికీ చేయమంటున్నాను. కమ్మలు అడిగినప్పుడు ఇచ్చాం, కొడుకులను అడిగినప్పుడు ఇచ్చాం. లెక్క అడిగే హక్కు మనకు లేదా? మీరే చెప్పండమ్మా.

నివేదికను బయటపెట్టమని రక్షణ మంత్రికి రాసిన అర్జీ తలుపు దగ్గర బల్ల మీద ఉంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి. పక్కనే రసీదు పెట్టాను. అమ్మ దాన్ని పసుపు కుంకుమల పెట్టె అడుగున దాచింది, అందుకే ఒక మూల పచ్చగా ఉంటుంది. చూడండి, పిల్లలకు చూపించండి. చేతుల్లోకి తీసుకునేటప్పుడు మాత్రం మెల్లగా పట్టుకోండి, మడతల దగ్గర చిరుగుతోంది.