తప్పు రాసినా నోరు మెదపని ఫైలు

అందరికీ నమస్కారం. ఈ వారం కోడ్ కంటే, యాప్ సెట్టింగులు రాసుకునే యామల్ ఫైలునే ఎక్కువసేపు చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, ఆ నవ్వులతోనే తెలిసిపోయింది.

నేను జావా మనిషిని, అందుకని జావాలో యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ సంగతే చెప్తా. 2004లో 1.0 వచ్చినప్పుడు ఏ క్లాసుకి ఏది అందించాలో అంతా ఎక్స్‌ఎంఎల్‌లోనే, ఫైలు చాంతాడంత. అందరూ తిట్టుకున్నారు గానీ రాసిందంతా కళ్లెదురుగా ఉండేది. తర్వాత యానొటేషన్లు, అంటే ఆ వివరాలే కోడ్‌లో పెట్టే గుర్తులు. 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చి, మీరేం రాయొద్దు, యాప్‌కి జోడించిన లైబ్రరీలు, అదే క్లాస్‌పాత్‌లో ఏ జార్‌లున్నాయో చూసి నేనే సర్దుకుంటా అంది. పెళ్లి వంట క్యాటరింగ్‌కి ఇచ్చినంత హాయి. సాంబారులో ఉప్పెక్కువైతే ఎవర్ని అడగాలో మాత్రం తెలీదు.

మా టీమ్ బూట్ 2.7 నుంచి 3కి మారిన రోజు చెప్తా. బిల్డ్ పాస్, టెస్టులు పాస్. అసలు సర్వర్‌కి ముందు పరీక్షించే స్టేజింగ్‌లో పెట్టగానే, డేటా దాచుకునే రెడిస్‌కి కనెక్షన్ లేదు. లాగ్ చూస్తే లోకల్‌హోస్ట్ 6379 అంటోంది, మేమిచ్చిన అడ్రస్ అసలు అది కాదు! పాస్‌వర్డ్ మార్చాం, నెట్‌వర్క్ వాళ్లకి టికెట్ వేశాం, వాళ్లు మా వైపే చూడమన్నారు, అలా సాయంత్రమైంది. చివరికి తేలిందేంటంటే, ‘స్ప్రింగ్ డాట్ రెడిస్’ తో మొదలయ్యే సెట్టింగుల పేర్లు 3.0లో ‘స్ప్రింగ్ డాట్ డేటా డాట్ రెడిస్’ అయ్యాయి. మా ఫైల్లో పాత లైను అలాగే ఉంది, దాన్ని చదివే దిక్కు లేదు, ఎర్రర్ కూడా లేదు, డిఫాల్ట్ తీసుకుని తన దారిన తను పోయింది. మైగ్రేషన్ గైడ్ సరిగ్గా చదవలేదు, తప్పు మాదే. కానీ కోడ్‌లో లేని మెథడ్‌ని పిలిస్తే కంపైలర్ అక్కడికక్కడే చెవి మెలిపెడుతుంది కదా, ఈ లైనుకి ఆ భయం ఎందుకుండదు?

పైగా ఒకే విలువ నాలుగు చోట్ల ఉండొచ్చు: జార్ లోపలి ఫైలు, దాన్ని కొట్టేసే బయటి ఫైలు, దాన్నీ కొట్టేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అన్నిటిమీదా కమాండ్ లైన్. ఒకే ఫోల్డర్లో ప్రాపర్టీస్, యామల్ అనే రెండు రకాల సెట్టింగుల ఫైళ్లూ ఉంటే ప్రాపర్టీస్‌దే గెలుపు. కొత్తగా చేరిన పిల్లాడికి ఇది ఎవరు చెప్తారు?

అందుకే ఇప్పుడు రెండు పనులు చేస్తున్నా. మా సొంత సెట్టింగుల క్లాసుల్లో, తెలియని పేరు కనిపిస్తే యాప్ స్టార్టే అవ్వకూడదని పెట్టేశా. ఏ విలువ ఏ ఫైల్లో ఏ లైను నుంచి వచ్చిందో నడుస్తున్న యాప్ లోపలి వివరాలు చూపే యాక్చుయేటర్‌లో ముందు చూస్తున్నా, ఊహించుకుంటూ కూర్చోవడం మానేశా. ఆ రెడిస్ ప్రాజెక్టే ఇక్కడ ల్యాప్‌టాప్‌లో ఉంది. ఉండండి, తెర మీద వేస్తా.