బూస్టర్ ఆరాక ఆ కొన్ని సెకన్లు

హోస్ట్: అన్నా, పోయిన ఎపిసోడ్‌లో మనలాంటివాళ్లు సరదాకి ఎగరేసే ఒకే స్టేజ్ రాకెట్ల గురించి మాట్లాడుకున్నాం. రెండు స్టేజ్‌లయితే, అంటే కింది మోటార్ ఆరాక పైది వెలిగేవైతే, ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటుంది?

అతిథి: మధ్యలోనమ్మా. కింద ఉండే మొదటి స్టేజ్, అదే బూస్టర్, ఆరిపోయాక, పైనున్న రెండో స్టేజ్, అదే సస్టెయినర్, వెలిగేదాకా ఉంటాయే కొన్ని సెకన్లు, అక్కడ. చాలామంది మోటార్ పేలుతుందని భయపడతారు. నేను చూసిన పాడైన ఫ్లైట్లలో చాలావాటికి మోటార్లు చక్కగా మండాయి. అవి మండేటప్పటికి రాకెట్ ముక్కు ఎటు ఉందన్నదే తేడా కొట్టింది.

హోస్ట్: నిటారుగానే వదులుతాం కదా?

అతిథి: వదులుతాం. కానీ రెండు స్టేజ్‌లంటే బరువు, మెల్లగా లేస్తుంది. నిటారుగా నిలబెట్టే రెయిలు, అంటే లాంచ్ కడ్డీ, దాటేసరికి తగినంత వేగం లేకపోతే ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. బూస్టర్ ఆరాక భూమి ఆకర్షణకే సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగం పోతుంది, గాలి లాగేది అదనం. వేగం తగ్గేకొద్దీ ఇంకా తొందరగా వాలుతుంది. 30 డిగ్రీలు వాలాక సస్టెయినర్ వెలిగిందనుకో, దాని బలంలో సగం పక్కకే తోస్తుంది.

హోస్ట్: మరి బూస్టర్ ఆరగానే వెలిగించేస్తే?

అతిథి: కింద గాలి చిక్కగా ఉంటుంది కదా. వేగం మీదున్నప్పుడు మళ్లీ తోస్తే ఆ శక్తంతా గాలిని చీల్చడానికే పోతుంది, రెక్కలు అల్లాడి ఊడిపోనూవచ్చు. ఆగితే ఎత్తు కలిసొస్తుంది, మరీ ఆగితే వాలిపోతుంది. పైగా రాకెట్‌లోని కంప్యూటర్ కరెంటు పంపగానే మోటార్ అందుకోదు. లోపల ప్రెషర్ పెరగాలి, దానికే ఒక సెకను పైన పట్టొచ్చు. ఒకసారి సస్టెయినర్ సరిగా అందుకోలేదు. విప్పి చూస్తే, మోటార్‌ని అంటించే ఇగ్నైటర్ ఇంధనపు దిమ్మె పైకొస దగ్గర లేదు, మంట బయటికొచ్చే నాజిల్ దగ్గరికి జారి ఉంది. బూస్టర్ పైకి తన్నిన ఊపుకి టేపు వదిలేసింది. వైరు బాగుంది, బ్యాటరీ బాగుంది. ఆ చిన్న టేపు ముక్కే!

హోస్ట్: అయ్యో. పెద్ద కంపెనీలకూ ఇలా జరుగుతుందా?

అతిథి: 2008 ఆగస్టులో స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్ 1 మూడో ప్రయోగం చూడు. మొదటి స్టేజ్ ఇంజన్ ఆపాక కూడా అందులో కాస్త తోపు మిగిలింది. విడిపోయిన స్టేజ్ వెనకనుంచి వచ్చి రెండోదాన్ని గుద్దింది. ఆపడానికీ విడదీయడానికీ మధ్య సమయం పెంచారు, సెప్టెంబరులో నాలుగోది కక్ష్యకు చేరింది.

హోస్ట్: మన స్థాయిలో ఏం చేయాలి?

అతిథి: వాలు కొలిచే కంప్యూటర్ పెట్టుకోవాలి. ముందే పెట్టిన హద్దు దాటి వాలితే అది సస్టెయినర్‌ని వెలిగించదు. అక్కడ హద్దు సడలించొద్దు, ఎంత ఆశ ఉన్నా. కింద మనుషులున్నారు. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: వెలగని సస్టెయినర్ నిండు ఇంధనంతో దిగుతుంది. పారాచూట్‌ని ఆ బరువుకే లెక్కగట్టాలి, ఖాళీ బరువుకి కాదు. దిగాక పరుగెత్తుకెళ్లి ఎత్తొద్దు. ఇగ్నైటర్ ఇంకా బ్యాటరీకి కలిసే ఉంటుంది. మోటార్ కొసలకు ఎదురుగా కాకుండా పక్కనుంచి వెళ్లి, ముందు స్విచ్ ఆపాలి. తర్వాతే చెయ్యి వేయాలి.