ఆ ఎర్రమచ్చ దానంతట అదే పోతుందా?

నమస్కారం. పసిబిడ్డ పెదవి మీదనో, కనురెప్ప మీదనో ఎర్రని మచ్చ కనిపించగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట, "గ్రహణం పూట తల్లి బయటికి వచ్చి ఉంటుంది" అని. అందులో నిజం లేదు, తల్లి తప్పు అణువంతైనా లేదు. ఆ తర్వాత వినిపించే మాట, "పెద్దయితే అదే పోతుంది" అని. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండో మాటే, ఎందుకంటే అది కొన్ని మచ్చల విషయంలో నిజం, మరికొన్నింటి విషయంలో అబద్ధం.

1982లో బోస్టన్ పరిశోధకులు మల్లికెన్, గ్లోవాకీ ఈ తేడాను స్పష్టంగా విడదీసి చూపారు. హీమాంజియోమా రక్తనాళాల కణాలు వేగంగా పెరగడం వల్ల ఏర్పడే గడ్డ. పుట్టిన కొద్ది వారాలకు బయటపడి, మొదటి ఐదు నెలల్లోనే చాలావరకు పెరిగి, ఆపైన కొన్నేళ్లపాటు నెమ్మదిగా కుంచించుకుపోతుంది. వాస్కులర్ మాల్‌ఫార్మేషన్ అలా కాదు. అందులో నాళాల నిర్మాణమే గర్భంలో తప్పుగా జరిగింది కనుక, అది బిడ్డతోపాటే పెరుగుతుంది, తనంతట తాను పోదు. సిరలకు సంబంధించినదైతే నీలంగా, మెత్తగా ఉండి, వేలితో నొక్కితే అణిగిపోయి, బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు మళ్లీ నిండుతుంది. ధమని నేరుగా సిరతో కలిసిపోయినదైతే చేయి ఆనించగానే వెచ్చగా, లోపల నాడి కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. ఇలాంటి దానికి శస్త్రచికిత్స చేసి, రక్తం తెచ్చే ధమనిని మాత్రమే కట్టివేస్తే పక్కనున్న నాళాలు ఆ పని అందుకుని, పరిస్థితి మరింత విషమిస్తుంది. అందుకే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పరీక్షో, ఎమ్మారైయో చేసి నిర్ధారించుకోకుండా కత్తి పెట్టడానికి ఒప్పుకోకండి.

తగ్గిపోయే జాతిదే అయినా, హీమాంజియోమా కంటి దగ్గర ఉంటే చూపును, గడ్డం ప్రాంతంలో ఉంటే ఒక్కోసారి శ్వాసను అడ్డుకోగలదు. చర్మం మీద ఐదు, అంతకు మించి ఉంటే కాలేయానికి కూడా స్కానింగ్ చేయిస్తారు. ఇలాంటి బిడ్డను నెల నిండేలోగా నిపుణులకు చూపించడం మంచిది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు, గుండె సమస్యకు ప్రొప్రనలాల్ ఇచ్చిన పసిబిడ్డలో ఈ గడ్డ కూడా మెత్తబడి వాడిపోవడం గమనించారు. నేడు చికిత్స అవసరమైన హీమాంజియోమాకు ముందుగా ఇచ్చే మందు అదే.

ఈ మందు వాడే తల్లులు ఒక్క జాగ్రత్త మరువకూడదు. పాలు పట్టిన తర్వాతే మందు వేయాలి. వాంతులై బిడ్డ పాలు తాగని పూట డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి, లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.