మరక ఏదో చూశాకే సీసా మూత తీయండి

[దృశ్యం: కొళాయి మెడ చుట్టూ తెల్లటి గార. కెమెరా బాగా దగ్గరగా.]

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ గార తెలియనివాళ్లు ఉండరు. డిటర్జెంట్ వేసి ఎంత తోమినా చెయ్యి నొప్పే తప్ప అది కదలదు. ఎందుకంటే ఇది జిడ్డూ కాదు, మట్టీ కాదు. నీళ్లు ఆరిపోయాక మిగిలిన కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి.

[దృశ్యం: గార మీద ఒక్క చుక్క నిమ్మరసం. బుడగలు.]

బుసబుసా పొంగుతోంది, చూశారా? పులుపు తగిలితే సున్నం కరుగుతుంది, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. నిమ్మకాయలు వృథా చేయక్కర్లేదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలిపి, పాత గుడ్డ ముంచి కొళాయికి చుట్టండి. పావుగంట ఆగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ఇంకా మిగిలితే మరో పావుగంట. రాత్రంతా వదిలేస్తే మాత్రం కొళాయి మీది మెరుపు పూత మసకబారుతుంది.

ఇత్తడి బిందెని చింతపండుతో తోమడంలో ఉన్నదీ ఇదే సూత్రం. కడిగాక వెంటనే తుడవకపోతే మళ్లీ మచ్చలు పడతాయి.

[దృశ్యం: మార్బుల్ గట్టు మీద మెరుపు పోయిన గుండ్రటి మచ్చ.]

ఈ మచ్చ చాలామందిని ఏడిపిస్తుంది. మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే. గార ఏదో, రాయి ఏదో యాసిడ్‌కి తెలియదు, రెంటినీ తినేస్తుంది. అది తుడిస్తే పోయే మరక కాదు, పాలిష్ పట్టించాల్సిందే. టైల్స్ సందుల్లోని సిమెంటుకీ ఇదే గతి. వీధిలో సీసాల్లో అమ్మే బాత్‌రూమ్ యాసిడ్ గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్. పోయగానే టైల్స్ తళతళలాడే మాట నిజమే. కానీ నెలకోసారి పోస్తూ పోతే సందులు తెరుచుకుని, కింద ఇంటివాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగుతుంది. దాని ఆవిరికి పక్కనున్న స్టీలు సామాన్లూ తుప్పు పడతాయి.

టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ ఆ యాసిడే, సుమారు 10 శాతం. అంచు కింద అంటుకుని నిలబడాలనే దాన్ని చిక్కగా చేస్తారు. కాబట్టి పోసీ పోయగానే బ్రష్ అందుకోకండి, 20 నిమిషాలు ఆగండి. గుంటలో నీళ్లు నిండుగా ఉంటే అది పలచబడి పనిచేయదు. ముందే బ్రష్‌తో నీళ్లని లోపలికి నెట్టేయండి.

[దృశ్యం: జిడ్డు పట్టిన గ్యాస్ పొయ్యి.]

వంటింట్లో లెక్క తిరగబడుతుంది. జిడ్డుకి పులుపు కాదు, క్షారం కావాలి. లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా కలిపి, పొయ్యి మీది స్టీలు స్టాండ్లు అరగంట నానబెట్టండి. చేతులకి గ్లోవ్స్ తప్పనిసరి. అల్యూమినియం సామాను మాత్రం ఇందులో వేస్తే నల్లబడుతుంది. చాలా చిమ్నీల జాలీలు అల్యూమినియమే, వాటికి వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్ చాలు.

వెనిగర్‌లో వంటసోడా కలిపే వీడియోలు మీరూ చూసే ఉంటారు. పొంగు చూడముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ పొంగులో పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. విడివిడిగా వాడితే రెండూ మంచి సరుకే.

[దృశ్యం: బకెట్ నీళ్లు, పక్కన బ్లీచ్ సీసా, కొలత మూత.]

బ్లీచ్ పని క్రిములని చంపడం, రంగు మరకలు తీయడం. జిడ్డు మీద, మట్టి మీద పోస్తే దాని బలమంతా వాటికే ఖర్చయిపోతుంది. ముందు సబ్బునీళ్లతో కడగండి. సీసా మీద 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే, లీటరు చన్నీళ్లకి 20 మిల్లీలీటర్లు. నేల తడిగా పది నిమిషాలు ఉండాలి. వేడినీళ్లు వద్దు, బలం తగ్గిపోతుంది. కలిపింది రేపటికి దాచకండి.

[తెర మీద పెద్ద అక్షరాలు: యాసిడ్ + బ్లీచ్ = క్లోరిన్ వాయువు]

ఇక్కడే ప్రమాదం. మరక మొండిగా ఉందని టాయిలెట్ క్లీనర్ మీద బ్లీచ్ పోస్తారు. గది చిన్నది, తలుపు మూసి ఉంటుంది. క్లోరిన్ ఊపిరితిత్తులని కాలుస్తుంది. కళ్లు మండి, దగ్గు మొదలైతే శుభ్రం చేయడానికి ఆగకండి, బయటికి వచ్చేయండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికే. గాజు తుడిచే కొన్ని స్ప్రేలలో అమోనియా ఉంటుంది, దానితోనూ బ్లీచ్ కలపకూడదు. ఒకటి వాడాక నీళ్లతో బాగా కడిగేసి, మరో రోజు రెండోది వాడండి.

ఫినాయిల్ గురించి అడుగుతారు కదా. తెల్లదాన్ని బకెట్‌లో వేస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి, అది నూనె సన్నటి బొట్లుగా చెదరడం. ఘాటు వాసన ఉంది కదా అని నేల శుభ్రమైనట్టు కాదు. సీసా మీది కొలతే వేయండి, ఎక్కువ వేస్తే నేల జిగటగా మారి దుమ్ము ఇంకా పడుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో నల్ల ఫినాయిల్ జోలికి వెళ్లకండి.

[దృశ్యం: తాగునీళ్ల సీసాలో పోసిన యాసిడ్. దాని మీద ఎర్రటి అడ్డగీత.]

వీటిలో ఏదీ తాగునీళ్ల సీసాలో పోసి దాచొద్దు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తాగారో డాక్టరుకి సీసా చూస్తేనే తెలుస్తుంది.